ఊట నదిలో తొలిసారి కయాక్: ఇచెటక్నీకి బయల్దేరే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఉత్తర ఫ్లోరిడాలో ఫోర్ట్ వైట్ అనే చిన్న ఊరి పక్కన పారే ఇచెటక్నీ నది పొడవు ఆరు మైళ్లే. అందులో ఎగువన ఉన్న మూడున్నర మైళ్లు స్టేట్ పార్కు పరిధిలోకి వస్తాయి. రాళ్ల మీద దూకే నీళ్లు లేవు, అలలు లేవు, అడుగున ఇసుక కూడా స్పష్టంగా కనిపించేంత తేట. గైన్స్‌విల్‌లో చదువుకునే మన పిల్లలు గంటలోపు చేరుకుంటారు. ఆర్లాండో, టాంపాల నుంచి తెలుగు కుటుంబాలు తెల్లవారుజామున బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, ఎప్పుడూ ఎక్కనివాళ్లకి మొదటి నదిగా దీన్ని ధైర్యంగా చెప్పవచ్చు.

ఇలాంటి నదుల మీద జనం ఇబ్బందిపడేది చాలావరకు నది వల్ల కాదు. మధ్యాహ్నం ఉరుములు, తప్పు కారులో ఉండిపోయిన తాళం చెవి, భయపడి పట్టుకున్న చెట్టుకొమ్మ, బకిల్ పెట్టని లైఫ్ జాకెట్, రెండు పడవల బరువుని ఒక్క పడవలో ఎక్కించడం: కారణాలు ఇవే. ఊట నది పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంటుంది. మారేవి మనం వెంట తెచ్చుకునేవి, ఆకాశం, టైము. ప్లాన్ అంతా వాటి చుట్టూ వేసుకోవాలి.

నది ఎందుకు మారదు, ఎప్పుడు మారుతుంది

ఉత్తర, మధ్య ఫ్లోరిడాలో నేల కింద వందల అడుగుల మందాన సున్నపురాయి పరుచుకుని ఉంది. వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది, ఆ రాతిని నెమ్మదిగా కరిగిస్తుంది. అలా ఏర్పడ్డ బొరియల్లో, సొరంగాల్లో నిండి ఉన్న నీటి నిల్వ పేరే ఫ్లోరిడన్ ఆక్విఫర్. మన బెలూం గుహలు ఏర్పడిందీ సున్నపురాయిని నీరు ఇలా కరిగించడం వల్లే. ఆ నిల్వ నేల పైకి తన్నుకొచ్చిన చోట ఊట పుడుతుంది. ఫ్లోరిడాలో అలాంటివి వెయ్యికి పైనే ఉన్నాయి. సెకనుకు 100 ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 లీటర్లు, అంతకు మించి నీరిచ్చే ఊటని మొదటి తరగతి ఊట అంటారు. ఇచెటక్నీకి నీరిచ్చే ఊటల్లో పెద్దదైన బ్లూ హోల్ ఆ కోవలోదే.

మహానంది కోనేరులో దిగినవాళ్లకి ఊటనీటి స్వభావం వేరే చెప్పక్కర్లేదు: ఏ కాలంలో వెళ్లినా అదే తేట, అదే ధార. ఇచెటక్నీ అంత నిలకడనీ ఒక నది వెడల్పున చూపిస్తుంది. నీళ్లు ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. పైన ఎక్కడో కుంభవృష్టి కురిస్తే గంటల్లో పొంగే మన ఏజెన్సీ వాగుల్లాంటి ప్రమాదం ఇక్కడ లేదు. పడిన వాన ముందు భూమిలోకి ఇంకి, ఆ నిల్వలో కలిసి, తర్వాతెప్పుడో ఊటలోంచి బయటికొస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది చాలామందికి తెలియదు. ఇచెటక్నీ వెళ్లి సాంటా ఫే నదిలో కలుస్తుంది. సాంటా ఫే సువానీలో కలుస్తుంది. తుపాన్ల తర్వాతో, భారీ వానల తర్వాతో ఆ పెద్ద నదులు పొంగితే వాటి నీరు వెనక్కి తన్ని ఇచెటక్నీ దిగువ భాగంలోకి ఎక్కుతుంది. ఆకులు నానిన ఆ నీటిది డికాషన్ రంగు. అప్పుడు అడుగు కనిపించదు, రేవు మెట్లు మునుగుతాయి, పార్కు నదిని మూసేయవచ్చు కూడా. అందుకని బయల్దేరే ముందు రోజు అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వెబ్‌సైటులో రెండు కొలతలు చూడండి: హిల్‌డ్రెత్ దగ్గర హైవే 27 వంతెన వద్ద ఇచెటక్నీ మట్టం, ఫోర్ట్ వైట్ దగ్గర సాంటా ఫే మట్టం. వారం రోజుల గ్రాఫు తీసి చూస్తే సరిపోతుంది. సాంటా ఫే గీత నిటారుగా పైకి పోతుంటే ప్రయాణాన్ని వాయిదా వేయండి. మీ ఊళ్లో ఎండ కాస్తున్నా సరే.

ఎటు వెళ్లాలి: ఒక చిన్న లెక్క

తొలిసారి వాళ్లు ఎక్కువగా తప్పేది ఈ లెక్కే. నిశ్చలమైన నీటిలో కొత్తవాళ్లు గంటకు రెండు నుంచి రెండున్నర మైళ్లు తెడ్డు వేయగలరు. నది గంటకు ఒక మైలు వేగంతో పారుతోందనుకోండి. రెండు మైళ్ల వేగం ఉన్న మనిషి దిగువకు మూడు మైళ్ల వేగంతో పోతాడు, ఎగువకు ఒక్క మైలు వేగంతోనే ఎక్కుతాడు. రెండు మైళ్ల దూరం దిగువకైతే 40 నిమిషాలు, తిరుగు ప్రయాణం రెండు గంటలు. నది వేగం ఒకటిన్నర మైళ్లు ఉంటే అదే తిరుగు ప్రయాణానికి నాలుగు గంటలు పడుతుంది. నీటి వేగం అర మైలు పెరిగితే శ్రమ రెట్టింపైంది. ఉత్సాహంగా దిగువకు కొట్టుకుపోయి, అలసిపోయాక, ఎండ నడినెత్తికొచ్చాక ఎదురు నీటిలో తిరిగి రావాల్సి రావడం కంటే కష్టమైన పరిస్థితి ఊట నదిలో మరొకటి లేదు.

దీనికి రెండే పరిష్కారాలు. మొదటిది, బయల్దేరిన చోటికే తిరిగి రావాల్సి ఉంటే ముందు ఎగువకే వెళ్లడం. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎక్కితే, చేతులు నొప్పి పుట్టిన క్షణంలో పడవ తిప్పితే చాలు, నదే ఇంటికి చేరుస్తుంది. రెండోది, ఒక రేవులో పడవెక్కి వేరే రేవులో ఒడ్డెక్కడం, అంటే నీటి వాలునే ఒకవైపు ప్రయాణం. ఇచెటక్నీ కొత్తవాళ్లకి సరిపోవడానికి అసలు కారణం ఇదే. ఎగువన ఉన్న ఉత్తర గేటు దగ్గర పడవెక్కితే, తెడ్డు వేసినా వేయకపోయినా, నది దక్షిణ రేవు వైపే తీసుకెళ్తుంది. మధ్యలో మిడ్‌పాయింట్, డాంపియర్స్ ల్యాండింగ్ అనే రేవులున్నాయి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఒడ్డెక్కడానికి పనికొస్తాయి.

నీటి వేగం ఎంతో ఎవరినీ అడగక్కర్లేదు. రేవు పక్కన 50 అడుగులు అడుగులతో కొలిచి, ఒక ఎండుటాకు నీటిలో వేసి సెకన్లు లెక్కపెట్టండి. 34 సెకన్లు పడితే గంటకు మైలు వేగం. 17 సెకన్లే పడితే రెండు మైళ్లు. ఆ వేగానికి ఎదురెక్కే ఆలోచన కొత్తవాళ్లు పెట్టుకోకూడదు.

దగ్గర్లో మరో రెండు పెద్ద ఊట నదులున్నాయి. డనెలన్‌లో రెయిన్‌బో నది అందానికి ఏమాత్రం తీసిపోదు, కానీ అక్కడ మోటారు బోట్లు తిరుగుతాయి, వాటి అలలకి కొత్తవాళ్లు తడబడతారు. ఒకాలా పక్కన సిల్వర్ నదిలో అద్దాల అడుగు పడవలు తిరుగుతాయి. అక్కడ ఈత కొట్టనివ్వరు. ఒడ్డున అడవిలో కోతులు ఉంటాయి: 1930ల్లో పడవ విహారాలు నడిపిన ఒకాయన సందర్శకుల కోసం రీసస్ కోతుల్ని ఒక దీవిలో వదిలాడు, అవి ఈదుకుంటూ అడవంతా పాకాయి. వాటిలో కొన్నిట్లో మనుషులకి ప్రమాదకరమైన హెర్పిస్ బి వైరస్ ఉంది. గుళ్ల దగ్గర కోతులకి అరటిపండు పెట్టిన అలవాటుతో ఇక్కడ చెయ్యి చాచకండి. రెండూ మంచి నదులే. రెండో ప్రయాణానికి, మూడో ప్రయాణానికి ఉంచుకోండి.

ఇచెటక్నీకి టైము లెక్క ఇలా వేసుకోవచ్చు. ఆగకుండా తెడ్డు వేస్తే గంటన్నర, రెండు గంటలు. పిల్లలతో, ఆగుతూ, తాబేళ్లని చూస్తూ వెళ్తే రెండున్నర గంటలు. పడవలు దించడానికి, జాకెట్లు బిగించడానికి ముప్పావు గంట. కార్ల వ్యవహారానికి ఇంకో ముప్పావు గంట. మొత్తం నాలుగు గంటలు పెట్టుకోండి. ఎప్పుడూ గుంపులో అందరికంటే నెమ్మదైన మనిషి వేగమే మీ వేగం. ఆఖరి రేవు బోర్డు కనిపించగానే ఒడ్డు వైపుకి తిరగండి. అది దాటితే నది హైవే 27 వంతెన కిందుగా సాంటా ఫే వైపు పోతుంది, పార్కు సాయం అక్కడ అందదు.

కార్లు, తాళాలు

ఒకవైపు ప్రయాణానికి చెల్లించే మూల్యం రోడ్డు మీద ఉంటుంది. పడవలు అద్దెకిచ్చే సంస్థలు సాధారణంగా మిమ్మల్నీ పడవల్నీ పై రేవులో దించి, కింది రేవు నుంచి తిరిగి తెస్తాయి. తొలిసారికి అదే మేలు. సొంత పడవలైతే రెండు కార్లు కావాలి, వరుస తప్పకూడదు. ముందు అందరూ ఉత్తర గేటుకి వెళ్లి పడవలు, సామాను, మనుషుల్ని దించాలి. పిల్లల దగ్గర ఒక పెద్ద మనిషి ఉండాలి, నీటి అంచున పిల్లల్ని పడవలకి కాపలా పెట్టకూడదు. ఇద్దరు డ్రైవర్లు రెండు కార్లనీ దక్షిణ గేటుకి తోలాలి. ఒక కారు అక్కడ వదిలి రెండో కారులో పైకి రావాలి.

వదిలేది ఏ కారు? పైన పడవలు కట్టే ర్యాక్ ఉన్న కారు. ఇది చెప్పినప్పుడు తేలికగా అనిపిస్తుంది గానీ, నది చివర పడవలు పట్టని చిన్న సెడాన్ ఎదురైనప్పుడు అర్థమవుతుంది. ఇక ఆ కారు తాళం చెవి. పైకి తిరిగి వచ్చేటప్పుడు దాన్ని రెండో కారు కప్ హోల్డర్లో పడేసి పడవెక్కేవాళ్లు కొల్లలు. కింది కారు తాళాన్ని దాని డ్రైవరు లైఫ్ జాకెట్ జేబులో జిప్పు లోపల క్లిప్పు పెట్టి తగిలించుకోవాలి. పై కారు తాళం రెండో మనిషి దగ్గర ఉండాలి. రిమోట్ తాళాలు తడిస్తే పనిచేయవు కాబట్టి చిన్న జిప్‌లాక్ సంచిలో వేసి తగిలించండి. పడవ నీటిలోకి తోసే ముందు ఇద్దరూ తాళాలు పైకెత్తి ఒకరికొకరు చూపించుకుంటే చాలు.

ఏ నెల, ఏ గంట

మే చివర మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా ఇచెటక్నీ ట్యూబుల నది. గాలి నింపిన రబ్బరు ట్యూబుల మీద తేలేవాళ్లు వందల్లో ఉంటారు, వారాంతాల్లో జనం నిండి గేటు మూసేయడమూ ఉంటుంది. కయాక్ తిప్పడం రానివాళ్లు ఆ గుంపులో పడితే ఎవరికీ సుఖం ఉండదు. కొత్తవాళ్లకి అక్టోబరు, నవంబరు, మార్చి, ఏప్రిల్ నెలల్లో పనిరోజులు అన్నిటికంటే మంచివి.

వేసవిలోనే వెళ్లక తప్పకపోతే ఉదయం 8కి గేటు తీసేసరికి అక్కడ ఉండండి, మధ్యాహ్నం పన్నెండుకల్లా ఒడ్డెక్కండి. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం ఎండకి గాలి వేడెక్కి, రెండువైపుల సముద్రాల నుంచి వచ్చే తేమతో కలిసి పిడుగుల మేఘాలు కడుతుంది. పొద్దున ఆకాశం నిర్మలంగా ఉండటాన్ని నమ్మకూడదు. ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగల దూరంలోనే ఉంది. దగ్గర రేవులో దిగి కారులోనో, నాలుగు గోడలున్న భవనంలోనో కూర్చోండి. చెట్టు కింద నిలబడటం పనికిరాదు, గోడలు లేని షెడ్డు కూడా రక్షణ కాదు. చివరి ఉరుము వినపడ్డాక 30 నిమిషాలు గడిచేదాకా నీటి దగ్గరికి వెళ్లొద్దు. కొత్త ఉరుము వినపడితే ఆ 30 నిమిషాలు మళ్లీ మొదటి నుంచి లెక్క.

చలికాలం అందాన్ని తక్కువ చెప్పలేం. జనవరి పొద్దున గాలి 5 డిగ్రీలకి దిగితే 22 డిగ్రీల నీటి మీద పొగమంచు లేస్తుంది. వెచ్చదనం కోసం నీటిగడ్డి మేసే పెద్ద జంతువులు మనాటీలు కూడా పైకొస్తాయి. కానీ ఇబ్బంది నీటిలో ఉండదు, తడిసి బయటికొచ్చాక ఉంటుంది. జీన్సు, కాటన్ స్వెట్‌షర్టు తడిస్తే ఆరవు, గాలి తగిలిన కొద్దీ ఒంట్లో వేడి లాగేస్తాయి. పాలియెస్టర్ బట్టలు వేసుకుని, ప్రతి మనిషికీ ఒక పొడి జత, తువ్వాలు కింది కారులో పెట్టండి. చీర, చున్నీ, పొడవు గౌను ఏ కాలంలోనూ వద్దు, పడవ బోల్తాపడితే కాళ్లకి చుట్టుకుంటాయి. ఉంగరాలు ఇంట్లో వదిలిరండి: చల్లటి నీటిలో వేళ్లు సన్నబడతాయి, సన్‌స్క్రీన్ జిడ్డు తోడైతే ఉంగరం జారినట్టు కూడా తెలియదు.

పడవ, బరువు, జాకెట్

కొత్తవాళ్లు పైన కూర్చునే కయాక్ తీసుకోవాలి. లోపల కాళ్లు దూర్చి కూర్చునే రకం బోల్తాపడితే తొట్టిలా నిండిపోతుంది. ఆ నీళ్లతో అది వందల పౌండ్ల బరువు తూగుతుంది, ఒడ్డుకి లాగితే తప్ప ఖాళీ చేయలేరు. పైన కూర్చునే రకానికి అడుగున రంధ్రాలుంటాయి, నీరు దానంతట అదే కారిపోతుంది, తిరగేసి మళ్లీ ఎక్కొచ్చు. 10 నుంచి 12 అడుగుల పొడవు చాలు. పొట్టి పడవ తేలిగ్గా తిరుగుతుంది గానీ తిన్నగా పోదు. చంటిపిల్లలున్న కుటుంబానికి 16, 17 అడుగుల కెనూ (పైన తెరిచి ఉండే పొడవాటి పడవ) నయం, నడుమ పిల్లల్ని కింద కూర్చోబెట్టొచ్చు. ఇద్దరెక్కే పడవలో బరువైన మనిషి వెనక కూర్చోవాలి. ముందు బరువు ఎక్కువైతే ముక్కు నీటిలో దిగబడి పడవ ఎటు తిప్పినా మాట వినదు. ముందున్నవాళ్లు తెడ్డు వేగం చూసుకోవాలి, వెనకున్నవాళ్లు దిశ చూసుకోవాలి. ఈ పని పంపకం ఒడ్డునే తేల్చుకోకపోతే దంపతుల గొడవ నది పొడవునా వినిపిస్తుంది.

పడవ మీద రాసిన బరువు పరిమితిని పూర్తిగా వాడుకోకండి. ఉదాహరణకి 400 పౌండ్లని రాసి ఉంది. 160, 150 పౌండ్ల పెద్దలిద్దరు, 45 పౌండ్ల పిల్ల, 15 పౌండ్ల సంచి, మొత్తం 370. కాగితం మీద సరిపోయింది. నీటిలో మాత్రం అంచులు కిందికి దిగి, ఎవరైనా పక్కకి వంగి చేపని చూడబోతే చాలు, నీరు లోపలికొస్తుంది. మూడింట రెండొంతులు, అంటే 265 పౌండ్ల దగ్గర ఆపాలి. ఈ కుటుంబానికి రెండు పడవలు కావాలి.

దుకాణంలో కొన్న గాలి కయాక్ వాడేవాళ్లకి ఒక సంగతి. 35 డిగ్రీల ఎండలో పార్కింగులో 2 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) దాకా గాలి కొట్టి, 22 డిగ్రీల నీటిలో దించితే లోపలి గాలి చల్లబడి పీడనం దాదాపు 1.3కి పడిపోతుంది. మూడో వంతు పోయినట్టే. నడుమ కుంగి, పడవ అరటిపండులా వంగుతుంది, ఎంత తెడ్డు వేసినా కదలదు. చిల్లు పడిందని కంగారుపడతారు, చిల్లేమీ ఉండదు. నీటిలో పది నిమిషాలు ఉంచి, మళ్లీ గాలి కొట్టి అప్పుడు బయల్దేరండి. ఒడ్డెక్కాక దీనికి తలకిందుల పని జరుగుతుంది: ఎండలో వదిలేస్తే గాలి వ్యాకోచించి కుట్లు విచ్చుకుంటాయి. తీయగానే కొంచెం గాలి వదలండి.

లైఫ్ జాకెట్ విషయంలో ఫ్లోరిడా చట్టం స్పష్టంగా ఉంది. పడవలో ఎంతమంది ఉంటే అంతమందికీ సరిపోయే జాకెట్లు ఉండాలి, ఆరేళ్లలోపు పిల్లలు వేసుకునే ఉండాలి, ఒక విజిల్ ఉండాలి. చట్టం పెద్దవాళ్లని వేసుకోమని బలవంతం చేయదు. కానీ మనలో ఈత రానివాళ్లు ఎక్కువ. ఈత రానివాళ్లు, వచ్చినా అలవాటు తప్పినవాళ్లు, పడవెక్కే ముందు వేసుకుని ఒడ్డెక్కాకే తీయాలి. సీటు వెనక దోపిన జాకెట్ బోల్తాపడిన పడవతోపాటు కొట్టుకుపోతుంది, మనిషికి అందదు.

బిగించడం కింది నుంచి పైకి. నడుము పట్టీ మొదట, తర్వాత ఛాతీవి, చివర భుజాలవి. ఆ తర్వాత ఇంకొకరు వెనక నిలబడి రెండు భుజాల పట్టీలూ పట్టుకుని గట్టిగా పైకి లాగాలి. జాకెట్ గడ్డం దాటి ముక్కు దాకా వస్తే వదులుగా ఉన్నట్టు, లేదా సైజు తప్పు. పిల్లల సైజులు వయసుని బట్టి కావు, బరువుని బట్టి: 30 పౌండ్లలోపు ఒకటి, 30 నుంచి 50 ఒకటి, 50 నుంచి 90 ఒకటి. ఎదిగే పిల్లాడు కదా అని ఒక సైజు పెద్దది కొనడం బట్టలకి పనికొస్తుంది. ఇక్కడ జాకెట్ పైకి తేలి పిల్లాడు కిందికి జారతాడు. చిన్నపిల్లలకి కాళ్ల మధ్య పట్టీ తప్పనిసరిగా ఉన్నది తీసుకోండి.

తెడ్డు, కొమ్మలు, కంటి మోసం

నేల మీద పావుగంట సాధన నది మీద గంట ఆదా చేస్తుంది. తెడ్డుని తల మీద అడ్డంగా పెట్టుకుంటే మోచేతులు లంబకోణంలో ఉండాలి, పట్టుకోవాల్సిన చోటు అదే. తెడ్డు రెక్కలో గుంట ఉన్న వైపు మీకేసి ఉండాలి. కాలివేళ్ల దగ్గర నీటిలో ముంచి, తుంటి దగ్గరికి రాగానే తీసేయాలి. అంతకంటే వెనక్కి లాగితే పడవ ముందుకి పోదు, పక్కకి తిరుగుతుంది. చేతులతో లాగకుండా నడుము తిప్పి లాగితే భుజాలు నొప్పి పుట్టవు. పడవ ఎడమకి తిరిగిపోతోందా, ఎడమవైపే తెడ్డుని దూరంగా, అర్ధచంద్రాకారంలో ముందు నుంచి వెనక్కి ఒక్కసారి తిప్పండి, కుడికి సర్దుకుంటుంది. కొత్తవాళ్లు అప్పుడు కంగారుగా రెండువైపులా గబగబా కొడతారు, పడవ ఇంకా వేగంగా పొదల్లోకి పోతుంది. ఆపాలంటే తెడ్డుని తుంటి పక్కన నీటిలో నిలువుగా దించి ముందుకు నెట్టాలి, కుడివైపొకసారి, ఎడమవైపొకసారి.

ఇచెటక్నీ ఎగువ భాగం ఇరుకు, వంపుల దగ్గర కొమ్మలు నీటి మీదికి వాలి ఉంటాయి. కొమ్మ మొహం మీదికి వస్తుంటే చేత్తో పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకండి. మనిషి ఆగుతాడు, కింద పడవ ఆగదు. ఈ నదిలో బోల్తాపడేది ముఖ్యంగా ఇలాగే. ముందుకి వంగి తల దించి పోనివ్వండి. పడిపోయిన చెట్టుకి పడవ అడ్డంగా తగులుకుంటే ఇంకో తప్పు జరుగుతుంది: భయంతో చెట్టుకి దూరంగా వాలతారు. అప్పుడు ఎగువ వైపు అంచు కుంగి నీరు ఎక్కి పడవని తిరగేస్తుంది. చెట్టు వైపుకే వాలి, దాన్ని చేతులతో నెట్టుకుంటూ పక్కకి జరగాలి. వంపు తిరిగేటప్పుడు చూపు చెట్టు మీద పెట్టొద్దు, ఖాళీగా ఉన్న నీటి మీద పెట్టండి. చూసిన వైపే పడవ పోతుంది.

నీటిలో పడితే వెల్లకిలా తేలండి, పాదాలు దిగువ వైపుకి, నీటి పైకి కనిపించేలా. పడవకి ఎగువ పక్కన ఉండండి, లేకపోతే పడవకీ చెట్టుకీ మధ్య చిక్కుకుంటారు. పోయిన చెప్పు కోసం, ఫోను కోసం ఈదొద్దు. తోటివాళ్లు ముందు మనిషిని, తర్వాత పడవని, ఆఖర్న తెడ్డుని చూడాలి.

తేటనీరు ఒక మోసం చేస్తుంది. నీటిలోంచి వచ్చే వెలుతురు వంగడం వల్ల లోతు అసలుకంటే నాలుగో వంతు తక్కువగా కనిపిస్తుంది. ఎనిమిది అడుగులున్న చోటు ఆరడుగులనిపిస్తుంది. నాలుగడుగులు మూడుగా కనిపిస్తే నడుములోతే కదా అని పదేళ్ల పిల్లాణ్ణి దింపుతాం, నీరు ఛాతీ దాటుతుంది. దిగే ముందు తెడ్డుని నిలువుగా ముంచి కొలవండి. కయాక్ తెడ్డు ఏడడుగులకి కొంచెం పైగా ఉంటుంది, మంచి కొలబద్ద.

నదికి హాని చేయకుండా

నది అడుగున ఊగే పొడవాటి నీటిగడ్డి ఈ నదికి ప్రాణం. చేపలు, నత్తలు, తాబేళ్లు, మనాటీలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. కాఫీ స్ప్రింగ్ అనే చిన్న ఊటలో ఉండే ఒక నత్త జాతి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నది వెడల్పయ్యే చోట అడవి వరి పెరుగుతుంది, చూసి గుర్తుపట్టండి. 1970లో ప్రభుత్వం ఈ నేలని కొని పార్కు చేశాక జనం పోటెత్తి, వాళ్ల పాదాల కింద గడ్డి వేళ్లతో లేచిపోయింది. అందుకే పార్కు పరిమితులు పెట్టాల్సి వచ్చింది. తెడ్డుతో అడుగు నేలని పొడవకండి, గడ్డి మీద నిలబడకండి, దిగితే ఒట్టి ఇసుక ఉన్న చోటే దిగండి. సన్‌స్క్రీన్ నీటిలో దిగడానికి అరగంట ముందే రాసుకుంటే ఒంటికి పడుతుంది, నీటిలో తక్కువ కలుస్తుంది. అసలు పెద్ద ముప్పు మనం నదిలోకి తెచ్చేది కాదు, చుట్టుపక్కల పొలాల ఎరువుల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి సున్నపురాయి గుండా వచ్చే నైట్రేట్. ఊటలకి ఫ్లోరిడా పెట్టుకున్న హద్దు లీటరుకి 0.35 మిల్లీగ్రాములు. అది దాటిన చోట్ల నాచు పెరిగి గడ్డిని కప్పేస్తోంది. గడ్డి మీద జుట్టులాంటి పచ్చటి పొర కనిపిస్తే అదే అది.

వాడి పారేసే సీసాలు, కవర్లు, కప్పులు నది మీదికి తేనివ్వరు. మద్యం, పెంపుడు కుక్కలు కూడా అంతే. మూత బిగించే స్టీలు సీసాలో మనిషికి గంటకి అర లీటరు నుంచి లీటరు చొప్పున మంచినీళ్లు పెట్టుకోండి. పులిహోర డబ్బాలు కింది కారులో ఉంచి, పడవలు ఎక్కించాక చెట్ల కింద బల్లల దగ్గర తినండి. మొసళ్లు ఈ నీళ్లలో ఉంటాయి, మనుషులు మేత వేయనంత కాలం మనిషికి దూరంగానే ఉంటాయి. మనాటీ కనిపిస్తే తెడ్డు ఆపి పక్కన తేలిపోనివ్వండి. ముట్టుకోవడం, వెంబడించడం, చుట్టుముట్టడం నేరం.

ముందు రోజు సాయంత్రం పార్కుకి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: నది తెరిచి ఉందా, నీళ్లు తేటగా ఉన్నాయా, రేవుల మధ్య తిప్పే షటిల్ బండి ఎన్ని గంటలదాకా నడుస్తుంది. నది మీద సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి, ఇంట్లో ఉండేవాళ్లకి ఏ రేవులో ఎక్కి ఏ రేవులో దిగుతున్నారో, ఎన్ని గంటలకి ఫోన్ చేస్తారో రాసి పంపండి, ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా. సొంత పడవైతే ఆఖరి పని రేవు మీద ఉంటుంది. నీళ్లు వంచేసి, సీటు సందుల్లో, అడుగు రంధ్రాల్లో ఇరుక్కున్న గడ్డి పోగుల్ని చేత్తో ఏరి పారేయండి. హైడ్రిల్లా అనే కలుపు చిన్న ముక్క నుంచి కూడా మొలుస్తుంది, ఒక నది నుంచి ఇంకో నదికి పడవల మీదే ప్రయాణిస్తుంది. ఇంటికెళ్లాక పడవని పూర్తిగా ఎండనిచ్చి, అప్పుడే వేరే నీళ్లలో దించండి.